బొగ్గుపొరలో ఆకు, నెత్తురులో అక్షరం

ఈ యేటి సావనీరుకు "అందరికీ అర్థమయ్యేటట్టు ఏదైనా సైన్సు వ్యాసం" వ్రాసి ఇమ్మని మన యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, మైనింగ్ బ్రాంచి వాణ్ణి గనుక గని యంత్రాల గురించి వ్రాస్తానని అనుకొని ఉంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. కాని నిరుడు మా ఇంట్లో వచ్చిన ఒక పెండ్లి మాట నన్ను జీవపరిణామ శాస్త్రం వైపు లాక్కుపోయింది. విషయం పెద్దది, నా చదువు చిన్నది. అయినా తెలిసినంతవరకు చెబుతాను.

ముందు ఒక రాయి సంగతి. మా బాపు గనిలో పని చేస్తాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకనాడు డ్యూటీ దిగి వస్తూ అరచేయంత బండముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని మీద ఒక ఆకు అచ్చు. నాలుక ఆకారం, నడుమ గట్టి ఈనె, ఇరుపక్కలా వల అల్లినట్టు సన్నని ఈనెలు. "చూడు బిడ్డా, రాయిల మామిడాకు" అన్నాడు. అది మామిడాకు కాదనీ, గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకనీ కాలేజీలో చేరిన తరువాత తెలిసింది. మనం రోజూ త్రవ్వుకుంటున్న బొగ్గులో చాలా భాగం ఆ చెట్ల అడవులే. దాదాపు 25 కోట్ల సంవత్సరాల కిందట ఆ జాతి అంతరించిపోయింది. ఇదే ఆకు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ ధ్రువపు మంచులో కూడా దొరికింది. 1912లో కెప్టెన్ స్కాట్ బృందం చావుకు చేరువై కూడా ఆ శిలాజాలున్న రాళ్ళను పారవేయలేదు. ఈ భూభాగాలన్నీ ఒకప్పుడు ఒక్కటేననడానికి అదొక సాక్ష్యం. ఆ పెద్ద భూభాగానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. మన చుట్టుపక్కల అడవుల్లో ఉండే గోండుల పేరే అది!

ఇక పెండ్లి మాట. మా అక్కను మేనమామ కొడుక్కు ఇవ్వాలని అమ్మ కోరిక. బావ మంచివాడు, ఉద్యోగం ఉన్నది, కట్నం బాధ లేదు. బాపు మాత్రం నసిగాడు. "మ్యానరికం మంచిది కాదంటున్నరు గదా" అన్నాడు. అమ్మకు కోపం వచ్చింది. "మా అమ్మది మ్యానరికమే, మా నాయినమ్మది మ్యానరికమే. ఎవలికేమయ్యింది? నువ్వు సదువుకున్నోనివి, నువ్వే చెప్పు" అని నా వైపు తిరిగింది. నాకు నోట మాట రాలేదు. రాతిలోని ఆకు పేరు తెలుసు గాని నా నెత్తురులో ఏమున్నదో తెలియదు! అప్పటినుండే లైబ్రరీ వెంట పడ్డాను.

నాకు అర్థమయినది ఇది. జీవుల చరిత్రకు రెండు పుస్తకాలున్నాయి. ఒకటి రాయి. ఎప్పుడు ఏ జీవి ఉండేదో అది చెబుతుంది. రెండవది ప్రతి ప్రాణి కణాల్లో ఉండే డి.ఎన్.ఏ. బొగ్గులో డి.ఎన్.ఏ. మిగలదు. ఇప్పటివరకు చదవగలిగిన అతి పాత డి.ఎన్.ఏ. గ్రీన్‌లాండ్ మంచునేలలోనిది, 20 లక్షల ఏండ్ల నాటిది. దాని ఫలితాలు 2022లో వచ్చినవి. కాని బ్రతికి ఉన్నవారిలో ఆ పుస్తకం చెదరకుండా ఉన్నది. అందులో నాలుగే అక్షరాలు. మనిషిలో ఒక ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు, తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి. దాన్ని మొత్తంగా జీనోమ్ అంటారు. ప్రతి తరంలో నకలు వ్రాసేటప్పుడు కొన్ని పదుల అక్షరాలు తప్పుపోతాయి. చాలా తప్పులు దేనికీ పనికిరావు, హానీ చేయవు. కొన్ని ప్రాణం తీస్తాయి. ఏదో ఒకటి బ్రతకడానికి అక్కరకు వస్తుంది. అక్కరకు వచ్చినది తరతరానికీ పెరుగుతుంది. డార్విన్ 1859లో చెప్పిన ప్రకృతివరణం ఇదే. పాపం, ఈ అక్షరాల సంగతి ఆయనకు తెలియదు.

దీనికి మన ప్రాంతంలోనే ఉదాహరణ ఉన్నది. సికిల్‌సెల్ వ్యాధిలో హీమోగ్లోబిన్ జన్యువులో మారేది ఒకే ఒక్క అక్షరం. తల్లి నుండీ తండ్రి నుండీ, రెండు వైపులా ఆ అక్షరం వస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగి బిడ్డ బాధ పడుతుంది. ఒక్క వైపు నుండే వస్తే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు, పైగా ప్రాణాంతకమైన మలేరియా నుండి కొంత రక్షణ కూడా! అందుకే మలేరియా ఎక్కువగా ఉండిన అడవి ప్రాంతాల్లో, మన గోదావరి లోయ గిరిజనుల్లో కూడా, ఆ అక్షరం చెరిగిపోకుండా నిలిచింది. అది ఎవరి పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. దోమతో జరిగిన పోరాటపు గుర్తు. ఈ వ్యాధి నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఒక జాతీయ మిషన్ ప్రారంభించింది.

మరి రెండు వైపులా ఒకే తప్పు ఎప్పుడు కలుస్తుంది? ఇక్కడే మేనరికం మాట వస్తుంది. మేనబావ, మేనమరదలు ఒకే తాత, అమ్మమ్మల సంతతి గనుక వారి డి.ఎన్.ఏ.లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడిది. వారి బిడ్డలో పదహారో వంతు భాగం రెండు ప్రతుల్లోనూ అచ్చంగా ఒకటే అవుతుంది. మేనమామనే చేసుకుంటే అది ఎనిమిదో వంతు. దాగి ఉన్న తప్పు బయటపడే అవకాశం అంతగా పెరుగుతుందన్నమాట. మామూలుగా వందమంది బిడ్డల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో తీవ్రమైన లోపం ఉంటే, మేనరికంలో అది దాదాపు రెట్టింపు అని వైద్యుల అంచనా. అంటే మా అమ్మ చెప్పిందీ నిజమే, బాపు భయమూ నిజమే! వందలో తొంభై మందికి పైగా బాగానే ఉంటారు. కాని ఆ మిగిలిన ఇంట్లో దుఃఖం నూటికి నూరుపాళ్ళు.

ఈ లెక్క మన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. సుప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. ఆ సంస్థ భూగర్భ శాస్త్రజ్ఞులే మన గోదావరికి ఆవల, సిరోంచ వైపు త్రవ్వి బరపాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు తీశారు. హాల్డేన్ శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని పరిశీలించి 1963లో వ్యాసం ప్రకటించారు. అప్పుడు ఇల్లిల్లూ తిరిగి అడగడమే పద్ధతి. ఇప్పుడు అక్షరాలనే చదువుతున్నారు.

ఎట్లా చదువుతారో మన బ్రాంచి భాషలో చెబుతాను. రెండు బోర్ల నుండి తీసిన కోర్లు పక్కపక్కన పెట్టి, ఇందులో ఉన్న సీమే అందులోనూ ఉన్నదా అని పోల్చుతాం గదా! జన్యుశాస్త్రజ్ఞులు ఇద్దరు మనుషుల అక్షరాల వరుసలను అట్లాగే పోల్చుతారు. ప్రతి తరంలో ఆ వరుసలు తెగి, పేకముక్కల్లాగా కలుస్తాయి. అంచేత ఇద్దరిలో పొడుగైన ఉమ్మడి ముక్క ఉంటే పూర్వీకుడు దగ్గరివాడు. చిన్నచిన్న తునకలే మిగిలితే చాలా పాతవాడు. తునక పొడవే గడియారం.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీసింగ్, తంగరాజ్ గార్లు, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మందిలో 5 లక్షల 60 వేల స్థానాలను చదివారు. నేటి భారతీయుల్లో దాదాపు అందరూ రెండు ప్రాచీన జనాల కలయికేనని తేలింది. ఆ కలయిక సుమారు 4200 నుండి 1900 ఏండ్ల కిందటి వరకు విరివిగా సాగి, తరువాత కులం లోపలే పెండ్లిళ్ళతో ఆగిపోయిందని 2013లో మరో వ్యాసం చెప్పింది. "మేం వేరు, వాళ్ళు వేరు" అనేవారి నెత్తురులోనే ఆ మాటకు జవాబు ఉన్నది.

ఇంకొక ఆశ్చర్యం. 2017లో 263 సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో, వాళ్ళంతా కొద్దిమంది పూర్వీకుల సంతతేననే గుర్తు బలంగా కనిపించింది. అంటే చుట్టరికం లేని సంబంధమైనా, కులం లోపలిదైతే పాత చుట్టరికం ఉండవచ్చు! ఉదాహరణకు తెలుగు వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ బల్లమీద కండరాలు సడలించే ఒక మందు త్వరగా విరగదు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడుతాడు, అంతే. తెలియకపోవడమే ప్రమాదం. పదివేల మంది భారతీయుల జీనోమ్‌లు చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది కూడా.

ఇదంతా ఒక ఆదివారం ఇంట్లో అందరినీ కూచోబెట్టి చెప్పాను. అక్క అన్నీ విని, "ముందు రక్తపరీక్ష చేయించుకుంటం. ఆ తర్వాతనే మాట" అన్నది. ఇద్దరూ చేయించుకున్నారు. అక్కలో ఏమీ లేదు. బావలో తలసీమియా అక్షరం ఒక్క వైపు ఉన్నది. (వారిద్దరూ వ్రాయమన్నారు కనుకనే వ్రాస్తున్నాను.) ఇద్దరిలో ఉంటేనే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం గనుక ఆ వ్యాధి భయం వీరికి లేదు. కాని పరీక్షకు అందని తప్పులు ఇంకెన్నో. డాక్టరమ్మ ఆ రెండు మాటలూ చెప్పి, నిర్ణయం మీదే అన్నది.

అక్క ఆలోచించుకొని వద్దన్నది. అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. తరువాత బావే ఇంటికి వచ్చి, "అత్తా, నాకు బయటి సంబంధమే చూడు. కాని ఆ పిల్లకు కూడా ఈ పరీక్ష చేయించాలె" అన్నాడు. మేమంతా గ్రహించవలసిన మాట అతనే చెప్పాడు. బయట చేసుకున్నంత మాత్రాన భయం పోదు, ఇంట్లో చేసుకున్నంత మాత్రాన కీడు జరిగి తీరదు. తెలుసుకోవాలె.

గ్లోసోప్టెరిస్‌కు తన పుస్తకం చదువుకునే వీలు లేకపోయింది. మనకు ఉన్నది. పట్టా పుచ్చుకొని ఈ కాలనీ విడిచి వెళ్ళే మిత్రులారా, జాతకాలు చూసే రోజున ఒక రక్తపరీక్ష కూడా చూడండి. ఆ ఆకు రాయి ఇప్పటికీ మా ఇంటి గూట్లో ఉన్నది. దాని పక్కనే ఇప్పుడు అమ్మ రెండు రిపోర్టు కాగితాలు దాచింది.