ఎముక జారి వచ్చేదాకా

మాంసం దుకాణంలో పంది భుజం ముక్క పక్కనే నడుము ముక్క ఉంటే, మనవాళ్ల చెయ్యి నడుము ముక్క మీదికే పోతుంది. అది నున్నగా, లేత గులాబీ రంగులో, కొవ్వు లేకుండా కనిపిస్తుంది. భుజం చూడటానికి మొరటు. కండల మధ్య తెల్లటి పొరలు, అడ్డదిడ్డంగా కొవ్వు, లోపల వెడల్పాటి రెక్క ఎముక. అయినా ఫోర్కు తగిలితే చాలు పోగులు పోగులుగా విడిపోయే పుల్డ్ పోర్క్ ఆ మొరటు ముక్కతోనే వస్తుంది. నడుము ముక్కను ఎనిమిది గంటలు ఉడికిస్తే మిగిలేది ఎండిపోయిన పీచే.

నేను ఉండేది అమెరికాలోని నార్త్ కరొలైనాలో, రాలీ నగరం పక్కన. ఈ వంట నాకు నేర్పింది మా పక్కింటి పెద్దాయన. రాష్ట్రం తూర్పు వైపు పొగాకు పొలాల మధ్య పెరిగిన మనిషి. ఆయన నాకు పాళ్లు చెప్పలేదు, టైము చెప్పలేదు. "ఎముక పట్టుకుని లాగు. ఏమీ అంటకుండా బయటికొస్తే ఉడికినట్టు, లేకపోతే మూత పెట్టెయ్" అన్నాడు. ఈ వంటకు అంతకన్నా మంచి కొలత నాకు దొరకలేదు. అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఈ వంట ఎవరికైనా పట్టుబడుతుంది.

పంది మాంసం మన ఇళ్లలో అందరూ తినరు. మా ఇంట్లోనే నేనూ పిల్లలూ తింటాం, మా ఆవిడ ముట్టదు. అందుకని నేను దీన్ని వండే స్లో కుకరు గరాజ్‌లో బల్ల మీద ఉంటుంది, దాని గిన్నెలు దానివే. తినని వాళ్ల ఇష్టాన్ని గౌరవిస్తూనే, తినేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నిప్పుల గుంట నుంచి వంటింటికి

ఈ వంటకం పుట్టిల్లు అమెరికా దక్షిణ ప్రాంతం. స్పెయిన్ దేశస్థుడు హెర్నాండో డి సోటో 1539లో ఫ్లోరిడా తీరంలో దిగినప్పుడు వెంట పందుల్ని కూడా తెచ్చాడు. తర్వాతి శతాబ్దాల్లో దక్షిణాది తోటల్లో నేలలో గుంట తవ్వి, కట్టెలు కాల్చి, ఆ నిప్పుల మీద రాత్రంతా పందిని కాల్చే పనిలో ఎక్కువ భాగం బానిసలుగా బతికిన నల్లజాతి వంటవాళ్లదే. ఇవాళ దేశమంతా ఇష్టంగా తినే ఈ రుచి వెనక వాళ్ల చేతి నేర్పు ఉంది. ఆ మాట చెప్పకుండా ఈ వంట గురించి రాయడం నాకు న్యాయంగా అనిపించదు.

నార్త్ కరొలైనాలోనే రెండు పద్ధతులున్నాయి. తూర్పు వైపు పందిని మొత్తంగా కాల్చి, మాంసాన్ని సన్నగా కొట్టి, వెనిగర్, ఎండుమిర్చి, ఉప్పు కలుపుతారు. అయిడెన్ అనే చిన్న ఊళ్లో 1947లో మొదలైన స్కైలైట్ ఇన్ ఈ పద్ధతికి పేరున్న చోటు. లెక్సింగ్టన్ వైపు వెళ్తే భుజాలు మాత్రమే కాలుస్తారు, వెనిగర్‌లో కొంచెం టమాటా కెచప్ చేరుతుంది. నంజుకునే క్యాబేజీ తురుము కూడా ఆ పులుపుతోనే ఎర్రగా ఉంటుంది. 1984లో మొదలైన లెక్సింగ్టన్ బార్బెక్యూ పండుగ అక్టోబరులో జరుగుతుంది. పొరుగున ఉన్న సౌత్ కరొలైనాకు పోతే ఆవాలతో చేసిన పసుప్పచ్చటి సాస్ పోస్తారు.

ఇంట్లో స్లో కుకర్‌లో చేసేది వీటిలో ఏదీ కాదు. కట్టెల పొగ ఇందులో రాదు, నల్లగా కరకరలాడే పైపొర కట్టదు. సీసాలో దొరికే పొగ వాసన ద్రావణం పోసి ఆ లోటు తీర్చాలని చూడటం నాకు నచ్చదు. స్లో కుకర్ ఇవ్వగలిగింది మెత్తదనం. ఆ ఒక్కటీ మాత్రం నిండుగా ఇస్తుంది.

ఈ పాత్రకూ ఒక కథ ఉంది. షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజినీరు 1936లో దీని పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1940లో అది మంజూరైంది. లిథువేనియాలో తమ యూదుల ఇళ్లవాళ్లు చోలెంట్ అనే చిక్కుడు గింజల వంటకాన్ని కుండలో పెట్టి, శుక్రవారం సాయంత్రం రొట్టెల బట్టీకి పంపేవాళ్లని, బట్టీ చల్లారుతూ ఉండగా ఆ వేడికే అది రాత్రంతా ఉడికేదని ఆయన తల్లి చెప్పేదట. ఆ నిదానపు వేడిని కరెంటుతో ఇంట్లోకి తేవాలన్నది నాక్సన్ ఆలోచన. 1970లో రైవల్ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనేసి, మరుసటి ఏడాది క్రాక్ పాట్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది.

లోపల జరిగేది

భుజం కండ జంతువు నడిచినంతకాలం పనిచేసిన కండ. పనిచేసే కండల్ని పట్టి ఉంచడానికి వాటి మధ్య కొలాజెన్ అనే గట్టి పదార్థం పొరలుగా అల్లుకుని ఉంటుంది. మాంసం వేడెక్కి 60, 65 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి కండ పోగులు ముడుచుకుని తమలోని నీటిని బయటికి నెట్టేస్తాయి. ఆ దశలో కొరికి చూస్తే రబ్బరులా సాగుతుంది. చాలామంది ఇక్కడే "ముదురు మాంసం" అని పేరు పెట్టి ఆశ వదులుకుంటారు.

అసలు పని అక్కణ్ణుంచే మొదలవుతుంది. 70 డిగ్రీలు దాటాక, తేమ ఉంటే, కొలాజెన్ కొద్దికొద్దిగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ మార్పు వేగం అందుకుంటుంది, అయినా గంటలు పడుతుంది. మేక కాళ్ల పాయా తాగితే పెదాలు అతుక్కుంటాయి కదా, అది ఈ జెలటిన్ పనే. కండ పోగులు పోగొట్టుకున్న నీటి లోటును ఇదే పూడుస్తుంది. పోగులకు పూతలా పట్టి, నోట్లో రసం ఊరినట్టు అనిపించేలా చేస్తుంది. పోగుల్ని కట్టి ఉంచిన పొర కరిగిపోయింది కాబట్టే అవి లాగగానే విడిపోతాయి. రెక్క ఎముకను పట్టుకున్న పొరలు కూడా కరిగితేనే ఎముక శుభ్రంగా జారి వస్తుంది. పెద్దాయన పరీక్షలో ఉన్న శాస్త్రం ఇదే. నడుము ముక్కలో ఇంత కొలాజెన్ లేదు, నీరు పోయాక దాన్ని ఆదుకునేది ఏదీ ఉండదు.

థర్మామీటరు ఉన్నవాళ్లకు గుర్తు: ముక్క నడిబొడ్డున, ఎముకకు తగలకుండా గుచ్చితే 93 నుంచి 96 డిగ్రీలు చూపాలి. అమెరికా వ్యవసాయ శాఖ 2011 నుంచి పంది మాంసం ముక్కలకు 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం చాలంటోంది. అది తినడానికి క్షేమమైన వేడి. విడదీయడానికి వచ్చే వేడి దానికి చాలా పైన ఉంది.

చేసే తీరు

ఇక్కడి దుకాణాల్లో బోస్టన్ బట్ అని అమ్మేది భుజం పైభాగమే. ఎముకతో ఉన్న రెండు కిలోల ముక్క ఆరు క్వార్టుల కుకరుకు సరిపోతుంది. పాత్ర సగానికి పైన, మూడింట రెండు వంతుల లోపు నిండాలి. పైనున్న కొవ్వు పొరను అర సెంటీమీటరు మందం ఉంచి మిగతాది కోసెయ్యాలి. మొత్తం తీసేస్తే రుచి పోతుంది, అంతా ఉంచితే నూనె తేలుతుంది.

25 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల బ్రౌన్ షుగర్ లేదా బెల్లం పొడి, రెండు చెంచాల పాప్రికా, చెంచా మిరియాల పొడి, చెంచా వెల్లుల్లి పొడి కలిపి ముక్కకు అన్ని వైపులా పట్టించి, రాత్రి ఫ్రిజ్‌లో ఉంచుతాను. పాప్రికా లేకపోతే కారం తక్కువగా, రంగు బాగా ఉండే మిరపపొడి వాడొచ్చు. పొద్దున్నే కుకరు అడుగున రెండు ఉల్లిపాయలు చక్రాలుగా పరిచి, ముక్కను కొవ్వు పైకి ఉండేలా పెట్టి, అరకప్పు యాపిల్ సైడర్ వెనిగర్, అరకప్పు నీళ్లు పక్క నుంచి పోస్తాను. చాలామంది ఇక్కడ ముక్క మునిగేలా పోస్తారు. వద్దు. మూత కింద ఆవిరి ఎటూ పోదు, ముక్క నుంచే కప్పులకొద్దీ రసం దిగుతుంది.

కుకరు మీద లో, హై అని ఉండే రెండు గుర్తులూ చివరికి చేరే వేడి దాదాపు ఒకటే, 98 డిగ్రీల దరిదాపు. హైలో అక్కడికి మూడు నాలుగు గంటల్లో చేరుతుంది, లోలో ఏడెనిమిది గంటలు. రెండు కిలోల ముక్కకు నేను లోలో పెట్టి తొమ్మిది, పది గంటలు ఇస్తాను. మధ్యలో మూత తీయను. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ రావడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. ఎనిమిదో గంట దాటాక ఒకసారి ఎముకను కదిపి చూస్తాను. మొండికేస్తే మరో గంట. భోజనాలకు వచ్చినవాళ్లు ఎదురుచూస్తున్నారని తొందరపడి తీస్తే, తర్వాత ఎంత సాస్ పోసినా ఆ గట్టిదనం పోదు.

ఉడికిన ముక్కను వెడల్పాటి పళ్లెంలోకి తీసి పావుగంట, ఇరవై నిమిషాలు వదిలెయ్యాలి. రెండు ఫోర్కులతో పోగులు లాగుతూ, మెత్తగా మిగిలిన కొవ్వు గడ్డలూ ఉల్లి తుక్కూ ఏరేస్తాను. వేలెడంత పోగులు ఉండాలి, పొడి కాకూడదు. పాత్రలో మిగిలిన రసాన్ని వడకట్టి, పైన తేలిన కొవ్వు తీసి, పొయ్యి మీద సగానికి మరిగించాలి. రుచి చూసి, మాంసానికి తడి పట్టేంత మాత్రమే కలపాలి. ఉప్పూ జెలటినూ దాంట్లోనే దిగి ఉంటాయి, పారబొయ్యకండి. ఓపికుంటే పోగుల్ని ట్రేలో పరిచి ఓవెన్ పైమంట కింద నాలుగైదు నిమిషాలు పెట్టండి. అంచులు ఎర్రబడి కరకరలాడతాయి.

పులుపు చేసే మేలు

భుజం మాంసం కొవ్వున్న మాంసం. దానికి తీపి సాస్ తోడైతే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. అందుకే తూర్పువాళ్ల పద్ధతే నాది. కప్పు యాపిల్ సైడర్ వెనిగర్‌లో చెంచా పచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి, చెంచా ఉప్పు, అరచెంచా మిరియాల పొడి, చెంచా బెల్లం పొడి వేసి, సీసాలో ఒక రాత్రి ఉంచుతాను. నా సీసాలో పడేది గుంటూరు మిర్చి. పెద్దాయన రుచి చూసి, సీసా తనతోనే తీసుకుపోయాడు. పంది మాంసానికి పులుపు కావాలన్న సంగతి మన దేశంలోనూ తెలిసిందే. గోవా విందాలూలో వెనిగర్ పడుతుంది, కొడగు పంది కూరలో కాచంపులి అనే పులుపు పడుతుంది.

ఇక్కడ మెత్తటి బన్నులో మాంసం, దాని మీద క్యాబేజీ తురుము పెట్టి తింటారు. శనివారం వాలీబాల్ ఆడి వచ్చిన మా తెలుగు కుర్రాళ్లు వేడి అన్నంలో ఉల్లిపాయతో తింటారు. రెండూ బాగుంటాయి.

జాగ్రత్తలు

గడ్డకట్టిన ముక్కను నేరుగా స్లో కుకర్‌లో పెట్టకూడదు. ముందురోజే ఫ్రిజ్‌లోకి దించి పూర్తిగా కరగనివ్వాలి. 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. గడ్డ ముక్క ఆ మధ్యలోనే గంటల తరబడి ఉండిపోతుంది. మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, ఆ మాంసం పారెయ్యడమే మంచిది. మిగిలినదాన్ని రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినెయ్యాలి. మళ్లీ వేడి చేసేటప్పుడు పొయ్యి వాడాలి. స్లో కుకరు అంత నిదానంగా వేడెక్కడం వండినదానికి పనికిరాదు.

మన ఊళ్లలో పంది మాంసం అనగానే బద్దెపురుగు భయం వస్తుంది. ఆ భయానికి కారణం ఉంది. కానీ ముక్క మధ్యదాకా బాగా ఉడికితే దాని పిల్ల దశలు చచ్చిపోతాయి, ఈ వంటలో వేడి అవసరమైనదానికి ఎంతో పైనే ఉంటుంది. అయినా నమ్మకమైన చోట కొనండి, పచ్చి మాంసం కోసిన కత్తినీ పీటనూ సబ్బుతో కడగండి.

స్లో కుకరు లేనివాళ్లు మూత గట్టిగా పట్టే మందపాటి పాత్రను 150 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు గంటలు పెట్టొచ్చు. ప్రెషర్ కుకరైతే భుజాన్ని అరచేయంత ముక్కలు చేసి, కప్పు నీళ్లతో, మొదటి విజిల్ తర్వాత సన్నటి సెగ మీద గంట ఉంచి, ఆవిరి దానంతటది దిగాక తెరవాలి. పోగులు కొంచెం పొట్టిగా వస్తాయి, రుచికి లోటుండదు.

ఎముక లేని ముక్క దొరికినవాళ్లు ఫోర్కు గుచ్చి తిప్పి చూడాలి, ఒత్తిడి లేకుండా తిరగాలి. రెండో పరీక్ష మర్నాడు పొద్దున ఉంటుంది. మరిగించిన రసం కొంచెం గిన్నెలో తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నె వంచినా కదలకుండా పేరుకుంటే కొలాజెన్ కరిగిందన్నమాట. నీళ్లలా జారితే, వచ్చేసారి కొలతలు మార్చకండి, మసాలాలు పెంచకండి. నీళ్లు తగ్గించి, ఇంకో గంట ఉడకనివ్వండి.