ప్రాగ్ నగరపు పొలిమేరలు

నగరం ఎక్కడ ముగుస్తుంది? పటంలో గీచిన గీత దగ్గర అని విద్యార్థి చెబుతాడు. చెక్ దేశపు రాజధాని ప్రాగ్ విషయంలో ఆ జవాబు చాలదు. ఆ నగరపు సరిహద్దు 1974లో స్థిరపడినది. వైశాల్యం 496 చదరపు కిలోమీటర్లు. నాటినుండి గీత దాదాపు కదలలేదు. కదిలినది మనుషులు. గీతకు ఆవల ఉన్న పొలాలలో 1989 తరువాత ఏమి జరిగినదో తెలిస్తేనే ఆ ప్రాంతపు అభివృద్ధి మనకు అర్థమవుతుంది.

సాధారణంగా నగర మధ్యంలో నేల ఖరీదు హెచ్చు. దూరం పోయినకొద్దీ తగ్గుతుంది. అందుచేత మధ్యలో ఎత్తైన మేడలు, అంచులలో విడివిడి ఇళ్లు లేస్తాయి. సోషలిస్టు పాలనలో నేల ధర లెక్కకు రాలేదు. ఎక్కడ ఏమి కట్టాలో ప్రణాళిక నిర్ణయించేది. ఫలితం తలక్రిందులైనది. మాస్కోలో కేంద్రం నుండి దూరం పోయినకొద్దీ జనసాంద్రత పెరిగినట్లు ఆర్థికవేత్తలు లెక్కకట్టారు! ప్రాగ్ దక్షిణపు అంచున 1970ల నుండి లేచిన యీజ్నీ మ్యెస్తో కూడా ఇటువంటిదే. అక్కడ కర్మాగారంలో ముందే పోతపోసిన కాంక్రీటు పలకలను కూర్చి పెద్ద మేడలు కట్టారు. మేడల వరుస ముగిసిన చోటనే చేలు మొదలయ్యేవి. ఆవలి చిన్న పల్లెలలో చాలావాటిని 'కేంద్రాలు కానివి'గా వర్గీకరించి, కొత్త కట్టడాలను బిగబట్టారు. నగరవాసి అటు పోయినా వారాంతంలో నదీలోయలోని చెక్క కుటీరానికే.

1989 చివర ఈ వ్యవస్థ కూలినది. 1991 నాటి చట్టంతో నేల పాత సొంతదారులకో వారి వారసులకో తిరిగి దక్కసాగినది. బలవంతంగా కలిపిన పల్లెలు విడిపోగా, దేశంలో నాలుగు వేల పైచిలుకు ఉన్న స్థానిక సంఘాలు ఆరు వేలు దాటినవి. చేను అమ్మే వారసుడున్నాడు. కొనే సంస్థ ఉన్నది. చేనును ఇళ్లస్థలంగా మార్చే అధికారం కొద్దివందల జనాభా గల పల్లె చేతిలో ఉన్నది. ముగ్గురికీ లాభమే. ప్రాంతమంతటినీ కలిపి చూడవలసిన ఎన్నికైన మండల ప్రభుత్వం మాత్రం 2000 వరకు లేనే లేదు. నా దృష్టిలో అసలు లోపం అదే.

డి-1 రహదారి పక్కన చెస్ట్లిత్సె అనే చిన్న ఊరున్నది. దాని నేలమీద నగరమంతా వచ్చి కొనే పెద్ద అంగళ్లు వెలిసినవి. పొరుగునే ఉన్న ప్రూహొనిత్సెలో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఉద్యానవనం ఉన్నది. ఇతర పల్లెల చుట్టూ పుట్టిన ఇళ్ల గుంపులను చెక్కులు 'సాటెలిట్' అంటారు, అనగా ఉపగ్రహం. పేరు బాగానే కుదిరినది. ఆ ఇళ్లలో చాలామంది పొద్దున్నే నగరానికి పోక తప్పదు. నగరం చుట్టూ ఉంగరంవలె ఉన్న మధ్య బొహీమియా మండలంలో 2001లో 11 లక్షల పైచిలుకు జనం ఉండగా, 2021 నాటికి వారు 14 లక్షలైనారు.

ఇక చిక్కు చూడండి. దేశం వసూలు చేసిన పన్నులలో స్థానిక సంఘాల వాటాను ప్రధానంగా నమోదైన నివాసుల సంఖ్యనుబట్టి పంచుతారు. పల్లెలో ఇల్లు కట్టుకొన్నవాడు తన నమోదును ప్రాగ్‌లోనే ఉంచితే, అతని తలకు వచ్చే వాటా ప్రాగ్‌కే పోతుంది. పైగా ప్రాగ్‌కు తలసరి వాటా పల్లెకన్న హెచ్చు. అతని వీధిలో మంచు తీయించవలసినది, మురుగునీరు శుద్ధిచేయించవలసినది మాత్రం పల్లెయే.

కొలతలోనూ ఇటువంటి తిరకాసే ఉన్నది. ఉత్పత్తిని పనిచేసేచోట లెక్కిస్తారు, తలలను నివసించేచోట లెక్కిస్తారు. అందువలన ప్రాగ్ తలసరి ఉత్పత్తి ఐరోపా సమాఖ్య సగటుకు సుమారు రెండింతలుగా కనబడుతుంది. మధ్య బొహీమియాది సగటుకు దిగువన ఉంటుంది. ఒకే మనిషి శ్రమ ఒకచోట లవంలో చేరుతున్నది, అతడే మరొకచోట హారంలో చేరుతున్నాడు. సమాఖ్య ఇచ్చే సహాయధనానికి ఈ భిన్నమే ప్రధానమైన కొలబద్ద.

అన్నిటికన్న మనకు దగ్గరైనది బడి సంగతి. కొత్త ఇళ్లకు వచ్చేవారు ఎక్కువగా యువదంపతులు. ఇంచుమించు ఒకే వయస్సువారు, ఇంచుమించు ఒకేసారి వచ్చినవారు. వారి పిల్లలు ఒక అలవలె బడి ఈడుకు చేరుతారు. రెండు తరగతులతో సరిపోయిన పల్లెబడికి ఆ అల అందదు. తన పరిధిలో నమోదైన బాలునికే ముందుగా చోటు. సరిపడ బడి లేని పల్లెవారు పొరుగు ఊరిని, కొన్నిచోట్ల ప్రాగ్‌నే ఆశ్రయించవలసి వచ్చినది. ఒంటరిగా కట్టే శక్తిలేని కొన్ని పల్లెలు సంఘంగా చేరి ఉమ్మడి బడి కట్టుకొన్నవి.

అల అక్కడ ఆగదు. 2023లో అది ఉన్నత పాఠశాలల వాకిలికి చేరినది. ఆ యేడు మండలపు పిల్లలు, నగరపు పిల్లలు ప్రాగ్‌లోని అవే బల్లలకోసం పోటీపడ్డారు. చోటు చాలక ఎందరో మరల దరఖాస్తు పెట్టుకొన్నారు. అల దాటిపోయిన తరువాత, నేడు కడుతున్న పల్లెబడుల గదులలో ఎవరు కూర్చుంటారో ఆ పల్లెల పెద్దలు ఇప్పటినుండే లెక్కవేసుకోవలసి ఉన్నది.