తీగ పైకి... దుంప లోపలికి!

పేరు కలిసినా కర్రపెండలం వేరు, పెండలం వేరు. మొదటిది నిటారుగా పెరిగే మొక్క. రెండోది చెట్టునో కంచెనో పట్టుకుని పైకి పాకే తీగ. కాండానికి అంచుల వెంట సన్నని రెక్కలుంటాయి. అందుకే శాస్త్రవేత్తలు దీన్ని 'డయోస్కోరియా అలాటా' అన్నారు. లాటిన్‌లో అలాటా అంటే రెక్కలున్నదని. ఊదారంగు ఐస్‌క్రీముతో పేరొందిన ఫిలిప్పీన్స్ 'ఊబే' కూడా ఈ జాతి దుంపే!

పెండలానికి వేడీ, తేమా రెండూ కావాలి. 25 నుంచి 30 డిగ్రీల ఉష్ణోగ్రత, గుల్లగా ఉండే నేల అయితే మేలు. కర్ర ఊతమిస్తే ఆకులకు ఎండ బాగా తగిలి దుంప ఊరుతుంది. నీళ్లు నిలిచాయో... కుళ్లిపోతుంది. 8, 9 నెలలకు ఆకులు పండి తీగ ఎండిపోతే తవ్వుకోవచ్చు.

అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. పెండలాన్ని సాధారణంగా గింజలతో కాదు, దుంప ముక్కలతోనే పెంచుతారు. అంటే కూరకైనా, విత్తనానికైనా అదే దుంప! పైగా తవ్వగానే పాతితే మొలవదు. రెండు, మూడు నెలలు నిద్రపోతుంది. అన్నాళ్లూ దాన్ని గాలి ఆడేచోట నీడలో దాచాల్సిందే. రుచిగా ఉందని అంతా వండేసుకున్నారా... వచ్చే ఏడాది పందిరి ఖాళీయే!