మీకు తెలుసా? గుంటూరున చిక్కిన సూర్యజ్వాల
సూర్యబింబమును తొలిసారిగా స్పష్టమైన ఛాయాచిత్రమున నిలిపినవారు ఫిజో, ఫూకో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు. 1845 ఏప్రిల్ 2న, సెకనులో అరువదియవ వంతు కాలమున, వెండిపూత గల రాగిరేకుపై వారు పట్టిన ఆ బింబమునందు కళంకములు సైతము కానవచ్చును.

అయినను మనకు దగ్గరి కథ గుంటూరుది. 1868 ఆగస్టు 18 ఉదయమున సంపూర్ణ సూర్యగ్రహణచ్ఛాయ తెలుగునేలమీదుగా సాగిపోవుచుండగా, దానికై ముందుగనే వచ్చి కాచుకొనియున్న మేజర్ టెన్నంటు అను బ్రిటిషు సేనాధికారి బృందము, తొమ్మిది అంగుళముల అద్దము గల దూరదర్శినిని నెలకొల్పి, తడి ఆరకమునుపే వెలుతురు సోకించి వెంటనే చీకటిగదిలో కడిగి తీయవలసిన గాజుపలకలపై (ఆగస్టు ఉక్కలో వారి పాట్లు ఊహించుకొనుడు!) ఆరు నిమిషములకు లోబడిన ఆ పట్టపగటి చీకటిలోనే ఆరు చిత్రములను సాధించెను. చంద్రుని నల్లని అంచును దాటి, మెలిదిరిగిన కొమ్మువలె ఎగసిన జ్వాల యొకటి వానిలో నిలిచినది.

ఆ ఊరనే జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు అట్టి జ్వాలలను వర్ణపటదర్శినితో పరీక్షించి, అవి ప్రధానముగా హైడ్రోజన్ వాయురాశులని గ్రహించి, మరునాడు గ్రహణము లేకయే వానిని మరల చూడగలిగెను. హీలియమును ఆయనయే గుంటూరున కనుగొనెననుట కొంత అతిశయోక్తి. సూర్యకాంతిలో కనబడిన ఒక పసుపుగీత, పిమ్మట హీలియమనబడిన క్రొత్త మూలకమునకు చెందినదని ఊహించినది ఇంగ్లండులోని లాకియర్ అను శాస్త్రజ్ఞుడు.

సూర్యుని చిత్రము తీయగోరు పాఠకులారా, తగిన వడపోత అద్దము లేక కంటినిగాని కెమెరానుగాని అటు త్రిప్పకుడు.