లోపలి బట్ట గురించి బయటికి మాట్లాడుకుందాం

హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే చదువు విలువ, కాలం విలువ, చెట్ల పెంపకం, మహనీయుల జీవితాలు వంటి వ్యాసాలు వరుసగా వస్తాయి. అవన్నీ రావలసినవే. ఈసారి మేము రాస్తున్నది మాత్రం మన ట్రంకుపెట్టెలో అన్నిటికన్నా అడుగున దాచుకునే బట్ట గురించి. మన అమ్మలు దాన్ని ‘బాడీ’ అంటారు. మనం ‘బ్రా’ అంటాం, అదీ గొంతు తగ్గించి. ఈ పేజీ తిప్పేసి ముందుకు పోవాలనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి చెల్లెళ్లూ. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, తెలుసుకోవాల్సింది మాత్రం చాలా ఉంది.

మేము ఈ హాస్టల్ అన్నం తిని చదువుకుని, ఇప్పుడు పీజీలో ఉన్నవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం. ఈ సంగతులు మాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అమ్మలు దాచిపెట్టి చెప్పకపోవడం కాదు, వాళ్లకూ ఎవరూ చెప్పలేదు. తాడిపత్రి చుట్టుపక్కల బండల ఫ్యాక్టరీలో పలకలు మోసే అమ్మకైనా, శనక్కాయ చేలో రోజంతా వంగి ఉండే అమ్మకైనా బిగుతుగా కుట్టించుకున్న జాకెట్టే ఆధారం. కూతురికి వయసు వచ్చిందని తెలియగానే సంతలోనో తోపుడుబండి మీదనో ఒకటి కొని, కాగితంలో చుట్టి చేతికిస్తారు. సైజు అనే మాట ఆ పొట్లంలో ఉండదు.

దీనివల్ల ఏమవుతుందో హాస్టల్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. ఏడో తరగతి దాకా ఖోఖోలో మెరుపులా పరిగెత్తిన పిల్ల తొమ్మిదికి వచ్చేసరికి గ్రౌండు గట్టుమీద కూర్చుంటుంది. అడిగితే కడుపునొప్పి అంటుంది. పుస్తకాల సంచి వీపు మీద నుంచి ఎదమీదికి వస్తుంది. నిటారుగా నడిచే పిల్ల భుజాలు ముందుకు వంచి నడవడం మొదలుపెడుతుంది. పెద్దవాళ్లు దాన్ని అణకువ అని మెచ్చుకుంటారు కూడా! అది అణకువ కాదు, అసౌకర్యం. ఇది మన ఒక్కరి సంగతే అనుకోవద్దు. ఇంగ్లండులో 11 నుంచి 18 ఏళ్ల బడిపిల్లలు రెండు వేల మందికి పైగా అడిగి 2016లో ప్రచురించిన పరిశోధనలో, దాదాపు సగం మంది తమ రొమ్ముల వల్ల ఆటలకు ఏదో ఒక ఇబ్బంది ఉందనే చెప్పారు. అన్ని వసతులున్న దేశంలోనే అలా ఉంటే మన సంగతి ఏమిటి?

మన దగ్గర ఇది ఆటతో ఆగదు. హాస్టల్ నుంచి ఏటా కొందరు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతారు. అక్కడ 1600 మీటర్ల పరుగు ఉంటుంది. రాతపరీక్షకు రాత్రింబవళ్లు చదివి, గ్రౌండులో పదిమంది చూస్తున్నారన్న బెదురుతో, ఒంటిమీద నిలవని బట్టతో పరిగెత్తడానికి వెనకాడిన అమ్మాయిలు మాకు తెలుసు. ఉద్యోగం దాకా వచ్చి ఒక బట్ట దగ్గర ఆగిపోవడం ఎంత అన్యాయం!

ముందు శరీరం గురించి రెండు మాటలు. రొమ్ములో కండరం ఉండదు. కొవ్వు, పాలగ్రంథులు, వాటిని పట్టి ఉంచే సన్నని పోగులు, పైన చర్మం, అంతే. కండరం లేదు కాబట్టి నడిచినా పరిగెత్తినా దానంతట అది స్థిరంగా ఉండలేదు. పైకీ కిందికీ మాత్రమే కాదు, పక్కలకూ కదులుతుంది. అందుకే నొప్పి. పెరుగుదల సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలై కొన్నేళ్లు సాగుతుంది. ఒకటి కొంచెం పెద్దగా, ఒకటి కొంచెం చిన్నగా ఉండడం మామూలే. నెలసరికి ముందు ఉబ్బి సలపడమూ మామూలే. ఈ రెండు సంగతులు తెలియక ఎంతమంది లోలోపల కుమిలిపోతారో!

ఇప్పుడు కొలత. దీనికి దర్జీ టేపు ఒకటి చాలు. టేపు లేకపోతే పురికొస తీసుకుని చుట్టి, ఆ పొడవును స్కేలు మీద అంగుళాల్లో చూసుకోవచ్చు. మొదటి కొలత రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ, ఊపిరి వదిలి, టేపు బిగుతుగా పట్టి తీయాలి. రెండో కొలత రొమ్ముల మీద, ఎక్కువ ఎత్తున్న చోట, టేపు వదులుగా, వీపు వెనక జారకుండా తీయాలి. ఒకరికి ఒకరు తీసుకుంటే మంచిది, వెనకవైపు టేపు జారిందో లేదో మనకు కనిపించదు కదా.

మొదటి కొలత 28 వచ్చిందనుకోండి. సరిసంఖ్య అయితే 4, బేసి అయితే 5 కలపాలి. 28కి 4 కలిపితే 32. డబ్బామీద ఉండే అంకె ఇదే. రెండో కొలత 34 అనుకోండి. 34లోంచి 32 తీసేస్తే 2. ఒక అంగుళం తేడా అయితే ‘ఎ’, రెండయితే ‘బి’, మూడయితే ‘సి’, నాలుగయితే ‘డి’. కాబట్టి ఆ అమ్మాయి సైజు 32 బి. కొన్ని కంపెనీలు ఏమీ కలపకుండా కింది కొలతనే సైజుగా వేస్తాయి, అందుకే డబ్బా వెనక పట్టిక ఉంటే దాన్ని ఒకసారి చూసుకోవాలి. అంకె ఒంటి చుట్టుకొలత, అక్షరం కప్పు లోతు. ఈ రెండూ వేరువేరని తెలియకపోవడమే మన కష్టాలకు సగం కారణం. కప్పు చిన్నదైతే మనం ఏం చేస్తాం? 32 వదిలి 34 కొంటాం. కప్పు పట్టినట్టే ఉంటుంది గానీ పట్టీ వదులై వీపుమీద పైకి పాకుతుంది. అప్పుడు భుజం పట్టీలు బిగిస్తాం. అవి భుజాల్లోకి కోసుకుపోయి గాళ్లు పడతాయి. కావలసింది 32లోనే తర్వాతి అక్షరం.

బరువు మోయాల్సింది భుజం పట్టీలు కాదు, ఒంటిచుట్టూ ఉండే కింది పట్టీ. మిద్దెకు గోడ ఎట్లాగో దీనికి ఆ పట్టీ అట్లాగ. కొత్తది వేసుకున్నప్పుడు అన్నిటికన్నా బయటి హుక్కు పెట్టినా సరిపోవాలి. ఎందుకంటే ఎలాస్టిక్ వాడేకొద్దీ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులకు పోవచ్చు. వేసుకున్నాక కొంచెం ముందుకు వంగి, పక్కల నుంచి రొమ్మును కప్పులోకి సర్దుకోవాలి. తర్వాత చేతులు పైకెత్తి చూడండి. కింది పట్టీ పైకి లేవకూడదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. వెనకవైపు నేలకు సమానంగా అడ్డంగా ఉండాలి. కప్పు పైన ఉబ్బి పొంగితే కప్పు చిన్నది, ముడతలు పడితే పెద్దది. రెండు రొమ్ములు సమానంగా లేకపోతే పెద్దదాని కొలతకే కొని, రెండోవైపు భుజం పట్టీ కొద్దిగా బిగించుకుంటే సరిపోతుంది.

సన్నగా ఉన్న చెల్లెళ్లకు 30 కావాలి. మన అంగళ్లలో అది సులభంగా దొరకదు. అప్పుడు 32 కొని వెనక పట్టీని హుక్కుల పక్కన మడిచి సూదిదారంతో రెండు కుట్లు వేసుకోండి. మేము అట్లానే చేసుకున్నాం.

అంగడి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. కౌంటరు అవతల అన్న, ఇవతల మనం, పక్కన మరో నలుగురు. “సైజెంత?” అంటే నోరు పెగలదు. ఆయన ఒకసారి చూసి ఏదో ఒకటి పేపర్లో చుట్టి ఇస్తాడు. “అక్కా, నాది ముప్పై నాలుగంట, అంగట్లో అన్న చెప్పినాడు” అన్న చెల్లెలిని మేము కొలిచి చూస్తే 30 సి వచ్చింది! కాబట్టి సైజు ఇంట్లోనే కొలుచుకుని చీటీ మీద రాసుకుని పోండి. చీటీ అందిస్తే మాట్లాడే పనే లేదు. ఆడవాళ్లు అమ్మే అంగడి ఉంటే మరీ మంచిది. మన ఎండలకు నూలు హోజరీ గుడ్డ హాయి. లోపల స్పాంజి, తీగ ఉన్నవి రోజువారీకి అవసరం లేదు. పరుగుకు, కబడ్డీకి మాత్రం ఆటల బ్రా వేరుగా ఒకటి ఉండాలి. అది ఇంకొంచెం బిగుతుగా, వెడల్పు పట్టీలతో ఉంటుంది. కానీ ఊపిరి ఆడకుండా ఉండకూడదు. ఖర్చు ఉన్నమాట నిజమే. పండక్కి ఇంట్లో డ్రస్సు కొంటామన్నప్పుడు డ్రస్సు రకం కాస్త తగ్గించి అందులోనే ఇది అడగండి.

ఉతుకుడు సంగతి. బోరునీళ్లలో సబ్బు సరిగా వదలదు, అందుకే ఇంకొకసారి జాడించాలి. మెలిపెట్టి పిండితే ఎలాస్టిక్ పోతుంది. ఇక ఆరవేయడం. తువ్వాలు కిందో చున్నీ కిందో దాచి ఆరేస్తాం కదా, అది సగం తడిగానే ఉంటుంది. పొద్దున గంట కొట్టగానే అదే వేసుకుంటాం. ఆ చెమ్మకు, చెమటకు రొమ్ముల కింద ఒరుపులు, దురద, తామర వస్తాయి. అది దాచిన బట్ట ఇచ్చే జబ్బు. గాలి తగిలేచోట తెరిచి ఆరేయండి. మండుటెండలో గంటలకొద్దీ వదిలితే ఎలాస్టిక్ పెళుసవుతుంది కాబట్టి నీడపట్టు మంచిది. లేడీస్ హాస్టల్ దండెం మీద ఆడవాళ్ల బట్టలు కాక ఇంకేం ఉంటాయి?

కొన్ని పుకార్లున్నాయి. నల్ల బ్రా వేసుకుని ఎండలో తిరిగితే క్యాన్సర్ వస్తుందని, రాత్రిపూట వేసుకుంటే వస్తుందని ఫోన్లలో తిరుగుతుంటాయి. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 55 నుంచి 74 ఏళ్ల స్త్రీలపై చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో బ్రాకూ రొమ్ము క్యాన్సర్‌కూ ఏ సంబంధమూ కనిపించలేదు. వేసుకుంటే పెరగదని, వేసుకోకపోతే జారుతుందని చెప్పేవి కూడా నమ్మకండి. రాత్రి వేసుకోవాలా వద్దా అన్నది మీ హాయిని బట్టి. గడ్డ చేతికి తగిలినా, చర్మం సొట్టపడినా, మొన నుంచి రక్తం వంటిది కారినా మాత్రం సిగ్గుపడకుండా ఏఎన్‌ఎం అక్కకు చెప్పి డాక్టరుకు చూపించండి. ఈ వయసులో వచ్చే గడ్డలు చాలావరకు క్యాన్సర్ కావు, కానీ కాదని చెప్పాల్సింది డాక్టరు.

బ్రా ఏదో విదేశీ ఫ్యాషన్ అనేవాళ్లకు ఒక మాట. ఇప్పుడున్న రూపానికి 1914 నవంబరు 3న అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ పేటెంటు పొందింది నిజమే. కానీ మన దక్షిణాది శిల్పంలో విష్ణువు పక్కన శ్రీదేవికి కుచబంధం చెక్కుతారు, భూదేవికి చెక్కరు. ఆ కుచబంధం రొమ్ముకట్టే కదా. అసలు పైబట్ట అన్నదే మనబోటివాళ్లకు తేలికగా దక్కలేదు. తిరువాన్కూరు రాజ్యంలో నాడార్ స్త్రీలు ఎద కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలపాటు దెబ్బలు తిన్నారు. 1859 జులైలో రాజు ప్రకటన ఇచ్చాడు, అదీ పైకులాలవాళ్లలాగా కప్పుకోకూడదన్న షరతుతో. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ మన స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడి, కులాన్ని పట్టిచూపే తీరులో చీర కట్టవద్దని చెప్పారు. ఒంటిమీద బట్ట ఎలా ఉండాలో ఇంకొకరు నిర్ణయించడం వాళ్లు ఒప్పుకోలేదు. మనం ఈనాటికీ అంగట్లో అన్న చూపుకు ఒప్పుకుంటున్నాం.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి దర్జీ టేపులు రెండు వార్డెన్ మేడమ్ దగ్గర ఇచ్చి ఉంటాం. కుట్టుమిషను సొరుగులో పెడతామన్నారు. కొలత తీసుకున్నాక మళ్లీ అక్కడే పెట్టండి.