గేటు దాటాక...

మగవాడు జైలు నుంచి వస్తే తల్లో, భార్యో ఎదురెళ్లి తీసుకొస్తారు. అదే ఆడదైతే? చాలాసార్లు గేటు బయట ఎవరూ ఉండరు. పుట్టింటివాళ్లు పరువంటారు, అత్తింటివాళ్లు అసలు పేరే ఎత్తరు.

లోపలున్న పసివాళ్ల గురించి సుప్రీంకోర్టు బాగానే ఆలోచించింది. ఆర్‌.డి.ఉపాధ్యాయ్‌, ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం కేసులో 2006లో తీర్పిస్తూ, ఆరేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గరే ఉండొచ్చంది. జైల్లో పుట్టినా, పుట్టిన చోటు ‘జైలు’ అని నమోదు చేయొద్దంది. మంచిదే! మరి తల్లి మాటేమిటి? "ఇన్నాళ్లూ ఎక్కడున్నావ్‌?" అని పనిచ్చే ప్రతి ఇల్లూ అడుగుతుంది కదా.

హైదరాబాద్‌ చంచల్‌గూడలో జైళ్ల శాఖ పెట్టిన పెట్రోలు బంకులో ఖైదీలతో పాటు విడుదలైనవాళ్లకూ పని దొరికింది. గతం దాచుకోనక్కర్లేని చోటు అది. పైగా డబ్బులు చేతికిచ్చి లెక్క చూడమంటారు. నాకు నచ్చింది ఇదే!

కానీ అందరికీ బంకులో పని దొరకదు. మిగతావాళ్లు అంట్లు తోమడానికో, వంటకో మన వీధుల్లోకే వస్తారు. కొందరికి జైల్లో నేర్పిన కుట్టుపని చేతిలో ఉంటుంది. "జాకెట్టు భలే కుదిరిందే, ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని మనం మాటవరసకి అడుగుతాం. నిజం చెబితే రెండో జాకెట్టు గుడ్డ రాదని ఆమెకు తెలుసు. "మా ఊళ్లోనేనండీ" అనక ఏం చేస్తుంది?