ముక్కూ మొహం తెలియనివారికి మొదటి సందేశం

హైదరాబాద్‌లో నేరేడ్‌మెట్ నుంచి సైనిక్‌పురి మీదుగా ఈసీఐఎల్ చౌరస్తాకు వెళ్తే, కుషాయిగూడ, చర్లపల్లి పారిశ్రామికవాడలు అక్కడికి దగ్గరే. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఏర్పడింది. 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారుచేసే ప్రభుత్వ సంస్థ) వచ్చింది. ఈ పెద్ద కర్మాగారాల నీడలో లేత్ మెషిన్లు, మిల్లింగ్ మెషిన్లు పెట్టుకున్న చిన్న షాపులు పెరిగాయి. ఈసీఐఎల్‌ను నిలబెట్టిన ఏఎస్ రావు పేరుతో ఇక్కడ ఒక నగరే వెలిసింది.

అలాంటి షాపులకు ఆర్డర్లు చాలాకాలం మనుషుల ద్వారానే వచ్చాయి. కలిసి పనిచేసిన ఇంజినీరు మరో కంపెనీకి మారతాడు. అక్కడి పర్చేజ్ విభాగంలో పాత షాపు పేరు చెబుతాడు. డ్రాయింగ్ వస్తుంది, కొటేషన్ వెళ్తుంది. ఈ దారి ఇప్పటికీ ఉంది, కానీ ఇరుకైంది. కొనేవాళ్లు పుణేలోనో బెంగళూరులోనో ఉంటున్నారు. ఇక్కడి షాపు వాళ్లకు తెలియదు, వాళ్లు ఎవరో షాపు యజమానికీ తెలియదు. అందుకే చాలామంది లింక్డ్‌ఇన్ వైపు చూస్తున్నారు. ఉద్యోగం, వ్యాపారం కోసం పరిచయాలు పెంచుకునే వెబ్‌సైట్ అది. 2003 మేలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి మైక్రోసాఫ్ట్‌ను నడుపుతున్నది మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల.

ఈ సైట్ మనుషుల్ని దూరాన్ని బట్టి విడగొడుతుంది. మనతో నేరుగా కలిసినవారు మొదటి వరుస. వాళ్లకు తెలిసినవారు రెండో వరుస. వాళ్లకూ తెలిసినవారు మూడో వరుస. ఆ తర్వాత అంతా బయటివాళ్లే. పేరు పక్కన కనిపించే అంకె ఈ వరుసనే చెబుతుంది. కొత్తవాళ్లు ఆ అంకెను పెద్దగా పట్టించుకోరు. నిజానికి ముందు చూడాల్సింది దాన్నే.

ఎందుకో తెలియాలంటే అవతలివైపు నుంచి చూడాలి. పర్చేజ్ మేనేజర్ ఫోన్‌లో మన రిక్వెస్ట్ ఎలా కనిపిస్తుంది? చిన్న ఫొటో. పేరు. పేరు కింద ఒక వాక్యం. ఇద్దరికీ తెలిసినవారు ఎంతమంది ఉన్నారన్న అంకె. అంతే. అంగీకరించాలా వద్దా అన్నది అతను క్షణాల్లో తేల్చేస్తాడు. ఆ క్షణాల్లో మన పనితనం గురించి ఆలోచించడు. 'ఇతను నిజంగా ఉన్న మనిషేనా? ఒప్పుకుంటే నాకేమైనా తలనొప్పి వస్తుందా?' అనే చూసుకుంటాడు. తెలియనివారికి రాసేటప్పుడు మన చేతిలో ఉన్న అసలు పని, అతను మనల్ని సరిచూసుకునే శ్రమను తగ్గించడం. మన గొప్ప చెప్పుకోవడం ఆ తర్వాతి సంగతి.

మన ఊళ్లలో కొత్త మనిషి కనబడితే 'మీరు ఎవరి తాలూకు?' అని అడుగుతారు. రెండో వరుసలో ఉన్నవారికి రాస్తే ఆ ప్రశ్నకు జవాబు ముందే తెరమీద ఉంటుంది. రెండో వరుస దాటితే ఉండదు.

ఈ విషయం మీద మంచి పరిశోధన ఉంది. 1973లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 'బలహీన బంధాలు' (అరుదుగా కలిసే పరిచయస్తులతో ఉండే సంబంధం) గురించి ఒక వ్యాసం రాశారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని, ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచూ అన్నవారు 16.7 శాతం. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం. అరుదుగా అన్నవారు 27.8 శాతం. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. దగ్గరివాళ్లకు తెలిసింది సాధారణంగా మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు దూరం నుంచి రావాలి.

అయితే ఎంత దూరం? 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం దీన్ని లింక్డ్‌ఇన్ మీదే పరీక్షించింది. 2 కోట్లకు పైగా సభ్యుల సమాచారాన్ని అయిదేళ్లపాటు పరిశీలించారు. ఉద్యోగం మారడానికి ఎక్కువగా ఉపయోగపడినవి మరీ దగ్గరి బంధాలు కావు, మరీ దూరపువీ కావు. ఉమ్మడి పరిచయస్తులు కొంతమంది ఉన్న మధ్యరకం బంధాలు. ఇంకో సంగతీ తేలింది. కంప్యూటర్ల మీద ఎక్కువగా నడిచే రంగాల్లో బలహీన బంధాలు బాగా పనిచేశాయి. అలా కాని రంగాల్లో దగ్గరి బంధాలే మేలు చేశాయి. అది ఉద్యోగాల మీద చేసిన అధ్యయనం, ఆర్డర్ల మీద కాదు. అయినా ఇనుము కోసే షాపు యజమాని దాన్ని గుర్తుంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడికి పనికొచ్చిన పద్ధతి అతనికి అంతే పనికొస్తుందని అనుకోకూడదు. అతను ముందుగా పాత కస్టమర్లను, వాళ్ల దగ్గర పనిచేసి వెళ్లిన ఇంజినీర్లను మొదటి వరుసలోకి తెచ్చుకోవాలి. అప్పుడే కొత్త కొనుగోలుదారులు రెండో వరుసలో కనిపిస్తారు.

ఇక సందేశం సంగతి. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: మాది ఫలానా కంపెనీ, ఇరవై ఏళ్ల అనుభవం, నాణ్యతలో రాజీ పడం, ఒక్క అవకాశం ఇవ్వండి. దీనికి జవాబు ఇవ్వాలంటే అవతలి మనిషి ఒక నిర్ణయం తీసుకోవాలి. తెలియని మనిషి కోసం ఎవరూ నిర్ణయం తీసుకోరు. అదే ఇలా రాస్తే: 'నమస్తే సర్. చర్లపల్లిలో మాకు సీఎన్‌సీ షాపు ఉంది. అల్యూమినియం హౌసింగులు చేస్తాం. మీ దగ్గర ఇలాంటి చిన్న బ్యాచ్‌లకు వెండర్ రిజిస్ట్రేషన్ చూసేది మీరేనా, మరో విభాగమా?' దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. 'నేను కాదు' అన్నా మనకు లాభమే, ఎవరిని అడగాలో తెలుస్తుంది. రిక్వెస్ట్‌తో పంపే ఈ చీటీ రెండు మూడు వాక్యాలకు మించకుండా సైటే హద్దు పెట్టింది. ఉచిత ఖాతాకు నెలకు కొన్ని చీటీలే రాయనిస్తుంది. ఆ హద్దు మన మంచికే.

కుప్పలుగా పంపేవారికి మరో చిక్కుంది. రిక్వెస్ట్ వద్దనుకున్నవారు 'ఈ వ్యక్తి నాకు తెలియదు' అని నొక్కగలరు. అలాంటివి పెరిగితే సైట్ ఆ ఖాతాకు కొత్త రిక్వెస్టులు పంపే వీలును కొంతకాలం ఆపుతుంది.

నేరేడ్‌మెట్, సైనిక్‌పురి చుట్టుపక్కల ఈ విషయానికి ఇంకో ముఖం ఉంది. ఇక్కడ సైన్యంలో పనిచేసి రిటైరైనవారు, రక్షణ సంస్థల ఉద్యోగులు ఎక్కువ. వాళ్లు అపరిచితుల సందేశాలకు జవాబివ్వకపోతే అది అహంకారం కాదు. 2022 జూన్‌లో, అప్పట్లో నేరేడ్‌మెట్ ప్రధాన కేంద్రంగా ఉన్న రాచకొండ కమిషనరేట్ పోలీసులు, ఒక రక్షణ పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద పనిచేసే వ్యక్తిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఒక మహిళ బ్రిటన్ రక్షణ పత్రికలో పనిచేస్తున్నానంటూ పరిచయం చేసుకుందని, అతను క్షిపణులకు సంబంధించిన సమాచారం ఆమెకు పంపాడని పోలీసుల ఆరోపణ. ఆ ఖాతా వెనక పాకిస్తాన్ గూఢచారులు ఉన్నారని వాళ్లు చెప్పారు. అంతకు ముందే 2021లో బ్రిటన్ నిఘా సంస్థ ఎంఐ5 ఒక హెచ్చరిక చేసింది. అయిదేళ్లలో కనీసం 10,000 మంది బ్రిటిష్ పౌరులను ఇలాంటి సైట్లలో నకిలీ ప్రొఫైళ్లు పలకరించాయని అందులో చెప్పింది.

వలవేసేవాడి మొదటి మెట్టూ, నిజాయితీగా వ్యాపారం చేసుకునేవాడి మొదటి మెట్టూ బయటికి ఒకేలా ఉంటాయి: మర్యాదైన పలకరింపు, వృత్తి పరిచయం, చిన్న ప్రశ్న. తేడా రుజువులో వస్తుంది. అందుకే రుజువులు మనమే ముందు పెట్టాలి. కంపెనీ మెయిల్‌తో గాని, డిజిలాకర్ ద్వారా ఆధార్‌తో గాని గుర్తింపు నిర్ధారించుకునే వీలు ఈ సైట్‌లో ఉంది. జీఎస్‌టీ నంబరు ఇస్తే అది ఎవరిదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోగలరు. షాపు చిరునామా, యంత్రాల ఫొటోలు ప్రొఫైల్‌లో ఉండాలి. రక్షణ రంగానికి పనిచేసే షాపు అయితే ఏ భాగం ఎవరికి చేశామన్నది మాత్రం అక్కడ పెట్టకూడదు. డ్రాయింగ్ అసలే పెట్టకూడదు. గొప్ప కోసం పెట్టే అలాంటి ఫొటో వల్ల షాపు ఒప్పందం పోవచ్చు, దేశానికీ నష్టం కలగవచ్చు.

మోసం ఎదురువైపు నుంచీ వస్తుంది. 'పెద్ద ఆర్డర్ ఉంది, వెండర్‌గా నమోదుకు ముందు ఇంత కట్టండి' అని ఒక మేనేజర్ పేరుతో సందేశం వస్తే, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ఫోన్ నంబరుకు మనమే చేసి అడగాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే ఆ డబ్బు ఖాతాల మీదుగా చేతులు మారిపోతుంది.

జవాబు రాకపోతే ఒకటి రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయడం సబబు. అక్కడితో ఆపాలి. జవాబు వస్తే సంభాషణను సైట్ బయటికి తేవాలి: ఫోన్, ఆ తర్వాత షాపు చూడటానికి ఆహ్వానం, ఒక శాంపిల్, కొలతల రిపోర్ట్. శాంపిల్ నచ్చి ఆర్డర్ వచ్చినప్పుడు చెల్లింపు గడువును కాగితం మీద రాయించుకోవాలి. ఉద్యం పోర్టల్‌లో (చిన్న పరిశ్రమల నమోదుకు ప్రభుత్వం నడిపే వెబ్‌సైట్) నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం రక్షణ ఇస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు మీరితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కొనుగోలుదారు చెల్లించాలి.